ఐచ్ఛిక కాస్ట్ కట్టలేకపోతే ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్డ్ గేముల్లో కార్డు మీద "మే" (may) అని ఉంటే ఇష్టమైతే చేయొచ్చు, లేకపోతే మానేయొచ్చు. అంతవరకు అందరికీ తెలిసిందే. చేయాలని ఉండి, కట్టడానికి చేతిలో కార్డో, మానానో (కార్డులు వాడటానికి ఖర్చుపెట్టే శక్తి), లైఫో (ఆటగాడి ప్రాణం పాయింట్లు) చాలనప్పుడే తగువు మొదలవుతుంది. ఇక్కడ జవాబులు ఎక్కువగా మ్యాజిక్ ది గ్యాదరింగ్ చుట్టూ ఉంటాయి, ఎందుకంటే కాస్టుల గురించి విడిగా ఒక అధ్యాయమే రాసుకున్న రూల్ బుక్ దానిది (118వ రూల్ మొత్తం ఇదే). యు-గి-ఓ, పోకెమాన్ ఎక్కడ వేరే దారి పడతాయో అక్కడ విడిగా చెప్పాను. ఒక గేమ్‌లో నేర్చుకున్న అలవాటును ఇంకో గేమ్‌కి మోసుకెళ్లడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి.

అసలు ఐచ్ఛిక కాస్ట్ అని దేన్ని అంటారు?

మీరు కట్టినా కట్టకపోయినా గేమ్ ఒప్పుకునే కాస్ట్. ఇది మూడు రూపాల్లో కనిపిస్తుంది. స్పెల్ (వేసే కార్డు) వేసేటప్పుడే అదనంగా కట్టి పెద్ద ఫలితం తెచ్చుకునేది ఒకటి, మ్యాజిక్‌లో కిక్కర్, బైబ్యాక్ లాంటివి. ఎఫెక్ట్ అమలవుతున్నప్పుడు మధ్యలో ఆగి "కావాలంటే ఇది చేయి, చేస్తే అది వస్తుంది" అని అడిగేది రెండోది. మూడోది "అన్‌లెస్" తరహా: కడితే తప్పించుకుంటారు, లేకపోతే దెబ్బ తగులుతుంది.

మూడింటిలోనూ కట్టలేకపోతే జరిగేది వేరు వేరు. అందుకే ఏ ప్రశ్న వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఈ కాస్ట్‌ని కార్డు ఏ క్షణంలో అడుగుతోంది? వేసేటప్పుడా, అమలయ్యేటప్పుడా? అది తేలితే మిగతాది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

ఉన్నంత కట్టి, ఉన్నంత ఫలితం తీసుకోవచ్చా?

కుదరదు. మ్యాజిక్ 118.3 రూల్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది: కాస్ట్ మొత్తం కట్టడానికి కావలసినవి లేకపోతే ఆ కాస్ట్ కట్టనే లేరు. 1 లైఫ్ ఉన్నవాళ్లు 2 లైఫ్ కాస్ట్‌లో సగం కడతామంటే చెల్లదు. అప్పటికే ట్యాప్ అయి (వాడినట్టు గుర్తుగా పక్కకు తిప్పి) ఉన్న కార్డును మళ్లీ ట్యాప్ చేసి కట్టడమూ చెల్లదు.

టర్న్ టర్న్‌కీ పెరిగే క్యుములేటివ్ అప్‌కీప్ (కార్డును ఆటలో ఉంచుకోవడానికి కట్టేది) దగ్గర చాలామంది పొరబడతారు. కార్డు మీద మూడు ఏజ్ కౌంటర్లు (టర్న్‌కొకటి చేరే గుర్తులు) ఉంటే మూడు రెట్లు కట్టాలి, రెండు రెట్లకే డబ్బు ఉంటే ఒక్క రెట్టు కూడా కట్టే వీలు లేదు, కార్డును సాక్రిఫైస్ చేయాల్సిందే, అంటే వదులుకోవాల్సిందే.

మల్టీకిక్కర్ (ఎన్నిసార్లయినా కట్టగల కిక్కర్) చూసి "మరి ఇందులో ఉన్నంత కడుతున్నాం కదా" అంటారు. అక్కడ ఒక్కో కిక్కర్ ఒక్కో పూర్తి కాస్ట్, ఎన్నిసార్లు కట్టాలో ముందే మీరు చెబుతారు. ఎవర్‌ఫ్లోయింగ్ చాలిస్‌కి మానా కాస్ట్ సున్నా, మల్టీకిక్కర్ 2. ఐదు మానా ఉంటే రెండుసార్లు కిక్ చేయొచ్చు, మిగిలిన ఒక్క మానాతో అర కిక్కర్ రాదు. "అప్ టు" అని రాసిన కార్డులూ ఇలాంటివే. ఫేబుల్ ఆఫ్ ది మిర్రర్-బ్రేకర్ రెండో చాప్టర్ రెండు కార్డుల వరకు డిస్కార్డ్ చేయమంటుంది, అన్నే డ్రా ఇస్తుంది. చేతిలో ఒక్కటే ఉంటే ఒకటి పారేసి ఒకటి తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు ఆ కార్డే ఇచ్చింది, మిగతా కార్డులకు వర్తించదు.

కిక్కర్ కడతానని చెప్పేశాను, తీరా చూస్తే మానా చాల్లేదు. స్పెల్ పోయినట్టేనా?

పోదు. ఇది దగ్గరగా చూడాల్సిన విషయం, ఎందుకంటే ఇక్కడ చాలామంది ఎదుటివాళ్ల దగ్గర మొహమాటానికి స్పెల్‌ని అనవసరంగా గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్పలో) పడేసుకుంటారు.

బర్స్ట్ లైట్నింగ్ తీసుకోండి. ఒక రెడ్ మానాకి 2 డ్యామేజ్, కిక్కర్ 4 కడితే 4 డ్యామేజ్. మీ దగ్గర నాలుగు ల్యాండ్లు (మానా ఇచ్చే కార్డులు) ఉన్నాయి. 601.2 రూల్ ప్రకారం వేసే వరుస ఇలా నడుస్తుంది: ముందు కార్డు స్టాక్ (అమలు కోసం ఎదురుచూసే వరుస) మీదికి వెళ్తుంది, తర్వాత కిక్కర్ కడతారో లేదో ప్రకటిస్తారు, తర్వాత టార్గెట్ ఎంచుకుంటారు, ఆ తర్వాత మొత్తం కాస్ట్ ఎంతో లెక్క తేలుతుంది, అప్పుడు ల్యాండ్లు ట్యాప్ చేసి మానా తెచ్చుకునే అవకాశం వస్తుంది, చివర్లో కడతారు. మీరు కిక్కర్ అన్నారు, లెక్క ఐదు తేలింది, మానా నాలుగే వచ్చింది. చివరి మెట్టు పూర్తి కాలేదు కాబట్టి స్పెల్ వేయడమే చెల్లని పని అయింది. గేమ్ మొత్తం ఆ స్పెల్ మొదలుపెట్టక ముందు ఎలా ఉందో అక్కడికి వెనక్కి వెళ్తుంది. కార్డు చేతిలోకి వస్తుంది, దానికోసం ట్యాప్ చేసిన ల్యాండ్లను కూడా మామూలుగా వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇప్పుడు మళ్లీ నిర్ణయం మీదే. అదే బర్స్ట్ లైట్నింగ్‌ని కిక్కర్ లేకుండా ఒక్క మానాతో వేయొచ్చు, వేరే టార్గెట్ మీద కూడా వేయొచ్చు, అసలు వేయకుండా ఊరుకోవచ్చు. "చెప్పావు కాబట్టి కిక్కర్ లేకుండానైనా వేయాల్సిందే" అని ఎవరైనా అంటే దానికి రూల్‌లో ఆధారం లేదు. అయితే మీ చేతిలో ఏముందో ఎదుటివాళ్లు చూసేశారు, దాన్ని మాత్రం ఏ రూలూ వెనక్కి తేలేదు. అందుకే ల్యాండ్లు లెక్కపెట్టుకున్నాకే నోరు తెరవడం మేలు.

కాస్ట్ తగ్గించే కార్డు నా దగ్గర ఉంటే కిక్కర్ కూడా తగ్గుతుందా?

తగ్గింపు కిక్కర్‌కి విడిగా, అసలు కాస్ట్‌కి విడిగా ఉండదు, రెండూ కలిపిన మొత్తం మీద పడుతుంది. గోబ్లిన్ ఎలెక్ట్రోమాన్సర్ మీ ఇన్‌స్టంట్, సోర్సరీ స్పెల్స్‌ని ఒక మానా చౌక చేస్తుంది. కిక్కర్ లేని బర్స్ట్ లైట్నింగ్‌లో ఉన్నది ఒక రెడ్ మానాయే, తగ్గించడానికి జెనరిక్ మానా (ఏ రంగుదైనా సరిపోయేది) లేదు కాబట్టి ఏ లాభమూ లేదు. కిక్కర్‌తో కలిపితే నాలుగు జెనరిక్, ఒక రెడ్. ఒకటి తగ్గి నాలుగు మానాకి వస్తుంది. పై ప్రశ్నలో నాలుగు ల్యాండ్లతో కుదరనిది ఇప్పుడు కుదురుతుంది, స్పెల్ కిక్ అయినట్టే లెక్క. పెంచే కార్డులు కూడా ఇదే మొత్తం మీద పనిచేస్తాయి, కాబట్టి కట్టగలనా లేదా అన్నది కార్డు మీది అంకె చూసి చెప్పలేం.

స్పెల్‌ని ఉచితంగా వేస్తున్నాను. అప్పుడు ఐచ్ఛిక కాస్ట్ సంగతి?

ఉచితం అంటే మానా కాస్ట్ కట్టనక్కర్లేదని మాత్రమే. అదనపు కాస్టులు అలాగే ఉంటాయి. బ్లడ్‌బ్రెయిడ్ ఎల్ఫ్ క్యాస్కేడ్‌తో (డెక్‌లోంచి బయటపడిన చౌక కార్డును ఉచితంగా వేయనిచ్చే ఎబిలిటీ) బర్స్ట్ లైట్నింగ్ దొరికిందనుకోండి, ఊరికే వేస్తే 2 డ్యామేజ్. ఇంకా నాలుగు మానా మిగిలి ఉంటే కిక్కర్ కట్టి 4 చేసుకోవచ్చు. లేకపోతే కిక్కర్ లేకుండా వేసుకోండి, క్యాస్కేడ్‌కి అడ్డేమీ లేదు.

తప్పనిసరి అదనపు కాస్ట్ ఉన్న కార్డు దొరికితే కథ వేరు. థ్రిల్ ఆఫ్ పాసిబిలిటీకి ఒక కార్డు డిస్కార్డ్ చేయడం అదనపు కాస్ట్. చేతిలో కార్డు లేకపోతే ఉచితంగా దొరికినా వేయలేరు.

ఇంకో తేడా ప్రత్యామ్నాయ కాస్ట్. ఒక స్పెల్‌కి ఒక్కటే ప్రత్యామ్నాయ కాస్ట్ వాడాలి. "మానా కాస్ట్ కట్టకుండా వేయడం" కూడా ప్రత్యామ్నాయ కాస్టే. సైక్లోనిక్ రిఫ్ట్ ఓవర్‌లోడ్ కూడా అలాంటిదే కాబట్టి ఉచితంగా వేసేటప్పుడు ఓవర్‌లోడ్ డబ్బు ఇస్తానన్నా తీసుకోరు. కిక్కర్ "అదనం", ఓవర్‌లోడ్ "బదులు". ఈ రెండింటినీ కలిపేయకండి.

ఫోర్స్ ఆఫ్ విల్‌ని మానా లేకుండా వేయాలంటే బ్లూ కార్డు ఎగ్జైల్ చేయాలి (ఆటలోంచి తీసి పక్కన పెట్టాలి) కదా, చేతిలో అది ఒక్కటే ఉంటే దాన్నే ఇచ్చేయొచ్చా?

ఇవ్వలేరు. పై వరుస గుర్తు చేసుకోండి: కార్డు స్టాక్ మీదికి వెళ్లాకే కాస్ట్ కడతారు. కట్టే సమయానికి ఆ కార్డు మీ చేతిలో లేదు. 1 లైఫ్ కట్టి, ఇంకో బ్లూ కార్డు ఎగ్జైల్ చేయగలిగితేనే ఆ దారి తెరుచుకుంటుంది. లేదంటే ఐదు మానా కట్టి మామూలుగా వేసుకోవడమే. యు-గి-ఓలో ట్విన్ ట్విస్టర్స్ అంతే, చేతిలోంచి యాక్టివేట్ చేస్తే డిస్కార్డ్ చేయడానికి దానికి తోడు ఇంకో కార్డు ఉండి తీరాలి.

"మే డిస్కార్డ్... ఇఫ్ యూ డూ, డ్రా" అని ఉంది. చేతిలో ఒక్క కార్డూ లేదు. డ్రా వస్తుందా?

రాదు. అమలయ్యేటప్పుడు అడిగే కాస్ట్ ఇది. 118.12 రూల్ దీన్ని కాస్ట్‌గానే చూస్తుంది, కట్టలేనిదాన్ని "కడతాను" అని ఎంచుకునే హక్కే మీకు లేదు, కాబట్టి "ఇఫ్ యూ డూ" తర్వాతిది జరగదు. కానీ ఎబిలిటీ ట్రిగ్గర్ అయింది (దానంతట అదే మొదలైంది), స్టాక్ మీదికి వెళ్లింది, అమలు కూడా అయింది. ఏమీ ఇవ్వకుండా అయింది, అంతే.

దీన్ని వీల్ ఆఫ్ ఫార్చూన్‌తో పోల్చి చూడండి. ప్రతి ఆటగాడూ చేతిలో ఉన్నవి డిస్కార్డ్ చేసి తర్వాత ఏడు డ్రా చేయాలి. చేయి ఖాళీగా ఉన్నా ఏడు వస్తాయి. అక్కడ డిస్కార్డ్ కాస్ట్ కాదు, ఎఫెక్ట్‌లో ఒక భాగం. ఎఫెక్ట్ చెప్పిన పని కుదరకపోతే కుదిరినంత చేసి ముందుకు వెళ్లాలన్నది 609.3 రూల్. ఒకే "డిస్కార్డ్" అనే పని ఒకచోట తలుపు మూసేస్తుంది, ఇంకోచోట అడ్డే పడదు. వాక్యం ఎలా కట్టారో చూడకుండా దీనికి జవాబు చెప్పలేం.

నేను కట్టబోతుంటే ఎదుటివాళ్లు మధ్యలో దూరి నా కార్డులు ఖాళీ చేయగలరా?

నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే ఉపయోగపడే ప్రశ్న ఇదే.

వేసేటప్పుడు కట్టే కాస్ట్ అయితే దూరలేరు. ప్రకటించడం మొదలుపెట్టిన క్షణం నుంచి కట్టడం పూర్తయ్యే వరకు ఎవరికీ ప్రయారిటీ (మధ్యలో కార్డు వాడే అవకాశం) రాదు. ఒక క్రీచర్‌ని (జీవి కార్డును) సాక్రిఫైస్ చేసి ఎబిలిటీ వాడుతున్నారంటే, "ఆగు, దానికి రెస్పాన్స్‌గా ఆ క్రీచర్‌ని చంపేస్తున్నా" అనడానికి సందు లేదు. వాళ్లు మాట్లాడే సమయానికి క్రీచర్ పోయింది, కాస్ట్ చెల్లింది, ఎబిలిటీ స్టాక్ మీద కూర్చుంది.

అమలయ్యేటప్పుడు కట్టే కాస్ట్ అయితే కచ్చితంగా దూరగలరు. "ఈ క్రీచర్ వచ్చినప్పుడు కావాలంటే ఇంకో క్రీచర్‌ని సాక్రిఫైస్ చేయి, చేస్తే రెండు కార్డులు డ్రా చేయి" అని ఉందనుకుందాం. ట్రిగ్గర్ స్టాక్ మీద ఉంది, మీరింకా ఏమీ కట్టలేదు, కడతారో లేదో కూడా చెప్పక్కర్లేదు. ఎదుటివాళ్లు ఆ సమయంలో మీ రెండో క్రీచర్‌ని చంపేస్తే, అమలుకు వచ్చేసరికి ఇవ్వడానికి ఏమీ ఉండదు, డ్రా పోయినట్టే. అదే ఎబిలిటీని కాపాడుకోవాలనుకుంటే తోడుగా మూడో క్రీచర్ ఉన్నప్పుడు వాడండి. మీరు ఎదుటి పక్షంలో ఉంటే మాత్రం ఇదే మీకు దొరికే సందు, వదలకండి.

ఒకసారి అమలు మొదలయ్యాక మాత్రం "సరే, కడుతున్నా" అన్న మాటకీ ఫలితానికీ మధ్య ఎవరూ దూరలేరు.

మానా లీక్ పడింది, నా దగ్గర మూడు మానా లేదు. ఇంకేదైనా దారి ఉందా?

మానా లీక్ కార్డు మీ స్పెల్ మీద పడ్డాక మూడు మానా కట్టకపోతే స్పెల్ కౌంటర్ అవుతుంది, అంటే రద్దవుతుంది. "అన్‌లెస్" అంటే "కావాలంటే కట్టు, కట్టకపోతే ఇది జరుగుతుంది" అని రూల్సే విడమరిచి చెబుతాయి. మానా లీక్ అమలై మిమ్మల్ని అడిగిన క్షణంలో ల్యాండ్లు ట్యాప్ చేసి మానా తెచ్చుకోవచ్చు, ముందే తెచ్చి పెట్టుకోనక్కర్లేదు. మానా లీక్ ఇంకా స్టాక్ మీద ఉండగానే రెస్పాన్స్‌గా మానా పెంచుకునే ఏర్పాటు ఏదైనా చేసుకోవచ్చు. రెండు మానా కట్టి "మూడోది బాకీ" అంటే ఒప్పుకోరు. కట్టగలిగినా కట్టకుండా స్పెల్‌ని వదులుకునే హక్కు కూడా మీదే.

వార్డ్ (ఎదుటివాళ్లు టార్గెట్ చేస్తే కాస్ట్ అడిగే రక్షణ) కూడా ఇదే కుటుంబం. వార్డ్ కాస్ట్ ఒక కార్డు డిస్కార్డ్ అయి, మీ చేయి ఖాళీగా ఉంటే స్పెల్ కౌంటర్ అవుతుంది. "కార్డు లేదు కాబట్టి నాకు మినహాయింపు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది సరిగ్గా తిరగేసిన అవగాహన.

నలుగురు ఆడే టేబుల్ మీద రిస్టిక్ స్టడీ ఉంటే ఇంకో మాట వినిపిస్తుంది: "నా ల్యాండ్ ఖాళీగా ఉంది, తన తరఫున నేను కడతా." కుదరదు. స్పెల్ వేసినవాళ్లే ఆ ఒక్క మానా కట్టాలి, లేకపోతే రిస్టిక్ స్టడీ ఉన్నవాళ్లు కార్డు తీసుకోవచ్చు.

ఉన్న లైఫ్ అంతా కట్టేయొచ్చా?

మ్యాజిక్‌లో కట్టొచ్చు. లైఫ్ మొత్తం కాస్ట్‌కి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే చాలు. 2 లైఫ్ ఉండి 2 కడితే కాస్ట్ చెల్లుతుంది, వెంటనే జరిగే స్టేట్-బేస్డ్ తనిఖీలో (లైఫ్ సున్నా అయిందా లాంటివి గేమ్ తానే చూసుకునేది) మీరు ఓడిపోతారు. వేసిన స్పెల్ స్టాక్ మీదే ఉండిపోతుంది, అది అమలయ్యే దాకా గేమ్ ఆగదు. "కట్టగలనా" అన్నది ఒక ప్రశ్న, "కట్టి బతుకుతానా" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, రూల్ మొదటిదాన్నే చూస్తుంది. 0 లైఫ్ కట్టడం ఎప్పుడూ సాధ్యమే.

యు-గి-ఓలో సాలెమ్ జడ్జ్‌మెంట్ కాస్ట్ లైఫ్ పాయింట్లలో సగం. సగం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది ఎంత దీనస్థితిలోనైనా పనికొస్తుంది. సాలెమ్ వార్నింగ్ అడిగేది 2000, మీకు 1500 ఉంటే అది చేతిలో అలంకారమే.

కాస్ట్ సున్నా ఉన్న కార్డుకీ, అసలు కాస్టే రాయని కార్డుకీ తేడా ఏమిటి?

ఆర్నిథాప్టర్ కాస్ట్ సున్నా. కడుతున్నానని ఒప్పుకుంటే కట్టినట్టే. యాన్సెస్ట్రల్ విజన్, లోటస్ బ్లూమ్ లాంటి వాటి మూలన ఏ గుర్తూ ఉండదు, వాటి మానా కాస్ట్ కట్టలేని కాస్ట్. ఎంత మానా ఉన్నా ఆ దారిలో వేయలేరు. సస్పెండ్ (కొన్ని టర్న్‌లు పక్కన పెట్టి తర్వాత ఉచితంగా వేయడం) ద్వారా గానీ, ఉచితంగా వేయమనే ఇంకో ఎఫెక్ట్ ద్వారా గానీ వేసుకోవాలి.

గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లాల్సిన కార్డు ఎగ్జైల్ అయ్యే పరిస్థితి ఉంటే కాస్ట్ చెల్లుతుందా?

రెండు గేములూ ఇక్కడ చెరో దారిన పోతాయి. రెండూ ఆడేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవండి.

మ్యాజిక్‌లో రెస్ట్ ఇన్ పీస్ ఉంటే గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లాల్సిన ప్రతిదీ ఎగ్జైల్ అవుతుంది. అయినా క్రీచర్‌ని సాక్రిఫైస్ చేసే కాస్ట్ కట్టొచ్చు, డిస్కార్డ్ కాస్ట్ కూడా కట్టొచ్చు. కట్టే పనిని వేరే ఎఫెక్ట్ మార్చినా కాస్ట్ చెల్లినట్టేనని 118.11 చెబుతుంది. రూల్ బుక్ ఇచ్చిన ఉదాహరణ ముచ్చటగా ఉంటుంది: సైకిక్ వోర్టెక్స్ క్యుములేటివ్ అప్‌కీప్ "ఒక కార్డు డ్రా", ఆబ్‌స్టినేట్ ఫెమిలియర్ "డ్రా చేయాల్సి వస్తే కావాలంటే మానేయి" అంటుంది. కడతానని చెప్పి, డ్రాని మానేస్తే ఒక్క కార్డూ తీసుకోకుండానే కాస్ట్ చెల్లిపోయింది. "ఇఫ్ యూ డూ" కూడా మీరు కట్టడానికి ఒప్పుకున్నారా అని చూస్తుంది, ఆ తర్వాత కార్డు ఎక్కడ తేలిందో పట్టించుకోదు. క్రీచర్ చనిపోయినప్పుడు పనిచేసే ట్రిగ్గర్లు మాత్రం ఎగ్జైల్ అయితే రావు, అది వేరే లెక్క.

యు-గి-ఓలో మాక్రో కాస్మోస్ ఉంటే "గ్రేవ్‌యార్డ్‌కి పంపు" అనే కాస్ట్ కట్టలేరు, ఎందుకంటే పంపినా అక్కడికి చేరదు. కాబట్టి ఆ ఎఫెక్ట్‌ని యాక్టివేట్ చేయడానికే వీల్లేదు. "డిస్కార్డ్" కాస్ట్ అయితే కట్టొచ్చు, కార్డు బ్యానిష్ (మ్యాజిక్‌లో ఎగ్జైల్ లాంటిది) అయినా డిస్కార్డ్ జరిగినట్టే. ట్రిబ్యూట్ (మాన్‌స్టర్‌ని బలివ్వడం) కూడా సరే. టోకెన్ల (డెక్‌లో లేని, ఎఫెక్ట్‌తో వచ్చే మాన్‌స్టర్ల) దగ్గరా ఇదే తర్కం: టోకెన్ గ్రేవ్‌యార్డ్‌కి వెళ్లదు కాబట్టి "గ్రేవ్‌యార్డ్‌కి పంపు" కాస్ట్‌కి పనికిరాదు, ట్రిబ్యూట్‌కి పనికొస్తుంది.

యు-గి-ఓ కార్డు చూసి ఏది కాస్టో ఎలా గుర్తుపట్టాలి?

2011 నుంచి వాడుతున్న రాత పద్ధతిలో విరామ చిహ్నాలే దారి చూపిస్తాయి. కోలన్‌కి ముందున్నది ఎప్పుడు వాడొచ్చో చెప్పే షరతు, సెమీకోలన్‌కి ముందున్నది యాక్టివేట్ చేస్తూనే చేయాల్సిన పని (కాస్ట్, టార్గెట్ ఎంచుకోవడం లాంటివి), సెమీకోలన్ తర్వాతది అమలయ్యేటప్పటి ఎఫెక్ట్. సెమీకోలన్‌కి ముందున్న పని చేయలేకపోతే యాక్టివేషనే లేదు.

ఎల్యూర్ ఆఫ్ డార్క్‌నెస్‌లో ముందు రెండు డ్రా చేస్తారు, తర్వాత చేతిలోంచి ఒక డార్క్ మాన్‌స్టర్‌ని బ్యానిష్ చేయాలి, లేకపోతే చేతిలో ఉన్నవన్నీ గ్రేవ్‌యార్డ్‌కి పోతాయి. అదంతా ఎఫెక్ట్, కాస్ట్ కాదు. కాబట్టి యాక్టివేట్ చేసేటప్పుడు చేతిలో డార్క్ మాన్‌స్టర్ లేకపోయినా వాడొచ్చు, డ్రాలో వస్తుందన్న నమ్మకం ఉంటే. టెన్షన్ భరించగలిగినవాళ్లకే ఆ కార్డు.

మ్యాజిక్ నుంచి వచ్చినవాళ్లకు ఇంకో హెచ్చరిక. యు-గి-ఓలో కాస్ట్ కట్టగలిగితే సరిపోదు, ఎఫెక్ట్ జరిగే వీలు కూడా ఉండాలి. డెక్‌లో ఒకే కార్డు మిగిలి ఉంటే పాట్ ఆఫ్ గ్రీడ్ యాక్టివేట్ చేయలేరు. మ్యాజిక్‌లో అలాంటి పరిస్థితిలో స్పెల్ వేసుకోవచ్చు, ఖాళీ లైబ్రరీ (మ్యాజిక్‌లో డెక్ పేరు) నుంచి డ్రా చేయబోయి ఓడిపోవచ్చు, ఎవరూ ఆపరు.

పోకెమాన్‌లో?

అక్కడ చూడాల్సింది ఒకటే, "ఇది చేస్తేనే ఈ కార్డు వాడాలి" అని ఉందా లేదా అని. అల్ట్రా బాల్ అలా చెబుతుంది: చేతిలోంచి ఇంకో రెండు కార్డులు డిస్కార్డ్ చేస్తేనే. ఒక్కటే ఉంటే కార్డు పెట్టనే కూడదు. ప్రొఫెసర్స్ రిసెర్చ్ చేతిలోవి పారేసి ఏడు డ్రా చేయమంటుంది, పారేయడానికి ఏమీ లేకపోయినా నిక్షేపంగా ఆడుకోవచ్చు, నిజానికి అప్పుడే దాని విలువ ఎక్కువ. దాడికి కావలసిన ఎనర్జీ ఉందా లేదా అని చూస్తారే తప్ప అది ఖర్చైపోదు, దాడి వివరణలో డిస్కార్డ్ అని ఉంటేనే పోతుంది. "కావాలంటే రెండు ఎనర్జీ డిస్కార్డ్ చేయి, చేస్తే డ్యామేజ్ ఎక్కువ" అని ఉండి మీకు ఒక్కటే ఉంటే, మామూలు డ్యామేజ్‌తో సరిపెట్టుకోవాలి.

లైబ్రరీలో రెండే కార్డులున్నాయి. "మూడు మిల్ చేయొచ్చు, చేస్తే..." అంటే ఎంచుకోవచ్చా?

మ్యాజిక్‌లో ఎంచుకోలేరు. మిల్ అంటే లైబ్రరీ పైనుంచి కార్డులు గ్రేవ్‌యార్డ్‌లో వేయడం. ఉన్నవాటికంటే ఎక్కువ మిల్ చేసే ఎంపిక ఇస్తే దాన్ని తీసుకోవడానికి వీల్లేదు. చేసి తీరమని ఆదేశిస్తే మాత్రం ఉన్న రెండూ మిల్ చేస్తారు. డ్రా దగ్గర తీరు వేరు: లైబ్రరీ ఖాళీగా ఉన్నా "కావాలంటే డ్రా చేయి" అంటే ఎంచుకోవచ్చు, ఫలితం అనుభవించాల్సింది మీరే.

సమనింగ్ సిక్‌నెస్ ఉన్న క్రీచర్‌తో కాస్ట్ కట్టొచ్చా?

సమనింగ్ సిక్‌నెస్ అంటే ఈ టర్న్‌లోనే వచ్చిన క్రీచర్‌కి ఉండే అడ్డు. ఆ క్రీచర్ సొంత ఎబిలిటీ కాస్ట్‌లో ట్యాప్ గుర్తు ఉంటే కట్టలేరు. కాన్వోక్, క్రూ లాంటివి ఆ గుర్తు వాడవు, "ట్యాప్ చేయి" అని అంటాయంతే, కాబట్టి ఇప్పుడే వచ్చిన క్రీచర్ కూడా సరిపోతుంది. ఒకే క్రీచర్‌ని ఒకసారి ట్యాప్ చేసి రెండు కాస్టులకు చూపించడం కుదరదు.

కిక్కర్ కట్టాను, స్పెల్ కౌంటర్ అయింది. కట్టింది వెనక్కి వస్తుందా?

రాదు. చెల్లని పని అయితేనే వెనక్కి తిప్పడం. ఇక్కడ మీరు సక్రమంగా కట్టారు, ఎదుటివాళ్లు సక్రమంగా ఆపారు. బైబ్యాక్ కట్టిన స్పెల్ కౌంటర్ అయినా అది చేతికి రాదు, అమలైతేనే వస్తుంది. యు-గి-ఓలో యాక్టివేషన్ నెగేట్ (రద్దు) అయినా డిస్కార్డ్ చేసింది పోయినట్టే.

కట్టడానికి వస్తువు ఉంది, కానీ "కట్టకూడదు" అనే కార్డు టేబుల్ మీద ఉంది. ఏది నెగ్గుతుంది?

"కూడదు" అన్నదే నెగ్గుతుంది. యాషార్న్ అనే కార్డు ఉండగా స్పెల్ వేయడానికి గానీ ఎబిలిటీ యాక్టివేట్ చేయడానికి గానీ లైఫ్ కట్టకూడదు, ల్యాండ్ కాని పర్మనెంట్లను (టేబుల్ మీద నిలిచి ఉండే కార్డులను) సాక్రిఫైస్ చేయకూడదు. ఫోర్స్ ఆఫ్ విల్ ఉచిత దారి అలా మూసుకుపోతుంది. కానీ యాషార్న్ మాట వేయడం, యాక్టివేట్ చేయడం వరకే. ట్రిగ్గర్ అమలయ్యేటప్పుడు "కావాలంటే ఒక క్రీచర్‌ని సాక్రిఫైస్ చేయి, చేస్తే..." అంటే నిక్షేపంగా చేయొచ్చు. మొదట్లో చెప్పిన "ఏ క్షణంలో" అన్న ప్రశ్న ఇక్కడ మళ్లీ పనికొచ్చింది.

కట్టగలిగినా కట్టనని అనొచ్చా?

"మే" ఉంటే అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, చేతిలో ల్యాండ్ ఉందో లేదో చూపించక్కర్లేదు. "మస్ట్" ఉంటే కుదరదు. యు-గి-ఓలో ఇంపీరియల్ ఆర్డర్ ఇప్పటి రాత ప్రకారం ప్రతి స్టాండ్‌బై ఫేజ్‌లో (టర్న్ మొదట్లో వచ్చే దశ) 700 లైఫ్ పాయింట్లు కట్టి తీరాలి, ఇది ఐచ్ఛికం కాదని కార్డు మీదే ఉంది. కట్టే శక్తి లేనప్పుడే అది నాశనమవుతుంది. ఆ కార్డు పాత ప్రింట్ చేతిలో పట్టుకుని వాదించేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ దగ్గరున్న ప్రింట్ ఏదైనా చెల్లేది తాజా అధికారిక రాతే, మ్యాజిక్‌లో దాన్ని ఒరాకిల్ టెక్స్ట్ అంటారు. వాదన మొదలుపెట్టే ముందే దాన్ని తెరిచి చూడండి.